వెలిసిపోయిన గంగిరెద్దు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఒక బొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. గంగిరెద్దు బొమ్మ. ఇంట్లో రంగుల పెట్టె లేదు. కొనమని అడిగే వీలూ లేదు. అందుకని రంగులన్నీ తనే చేసుకుంది. ఎద్దు వీపు మీది గుడ్డకు పసుపు. గుడ్డ అంచుకు బచ్చలిపళ్ళ రసం. వెనకాల చెట్టుకు చిక్కుడాకు నలిపిన పసరు. కింద నేలకు ఎర్రమన్ను. కళ్ళకు, గిట్టలకు, కొమ్ముల కొనలకు వాళ్ళ అమ్మమ్మ పట్టిన కాటుక. బొమ్మ చాలా బాగుంది. పదిమందీ చూడాలని ప్రయోగశాల కిటికీ అద్దానికి అంటించాను. అది పడమటి కిటికీ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా ఎండ నేరుగా పడుతుంది.

రెండు వారాలు తిరిగేసరికి ఎద్దు మీది గుడ్డ మాయమైపోయింది. పసుపు ఉన్నచోట తెల్లకాగితం మీద కొద్దిగా మురికి పట్టినట్టుంది, అంతే. ఊదారంగు అంచు ఎండుగడ్డిలా తయారైంది. చెట్టు పాలిపోయింది. ఎర్రమన్ను నేల మాత్రం అలాగే ఉంది. నల్లటి కళ్ళు, గిట్టలు, కొమ్ముల కొనలు చెక్కుచెదరలేదు.

“మాస్టారూ, ఎవరైనా తడిగుడ్డతో తుడిచేశారా?” అని అడిగింది ఆ అమ్మాయి.

“లేదమ్మా, పసుపు రంగు అంతే, నిలవదు” అన్నాను.

ఆమె మరేమీ అనలేదు. బొమ్మను ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకొంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ‘అంతే’ అనడం సైన్సు మాస్టారు చెప్పవలసిన జవాబు కాదు. కిటికీకి అంటించింది నేను, రంగు పోగొట్టింది నేను, ఎందుకు పోయిందో చెప్పనిదీ నేనే. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ మాట ఒప్పుకొని, “ఏ రంగు ఉంటుంది, ఏ రంగు పోతుంది, ఎందుకు? కలిసి చూద్దాం” అన్నాను. బాలలూ, మేము ఆ తర్వాత చేసినవే ఇక్కడ రాస్తున్నాను. అన్నీ మీ ఇంట్లో చేసుకోదగ్గవే. బొమ్మలకు బొమ్మలు వస్తాయి, రసాయనశాస్త్రమూ తెలుస్తుంది.

ముందుగా రంగులు సిద్ధం చేసుకుందాం

కాస్త మందమైన డ్రాయింగు కాగితం, నాలుగైదు పాత గాజు గిన్నెలు లేదా కొబ్బరి చిప్పలు, ఒక కుంచె చాలు. కుంచె లేకపోతే వేపపుల్ల కొనను నమిలి పీచు చేసుకోండి. బంక కావాలి. తుమ్మచెట్టు కాండం మీద కారి గట్టిపడిన బంకను తెచ్చి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వడకట్టండి. దుకాణంలో అమ్మే నీటిరంగుల బిళ్ళల్లో వాడేదీ తుమ్మజాతి చెట్టు బంకే. రంగుపొడి కాగితాన్ని అంటిపెట్టుకొని ఉండేది దాని వల్లనే. నిలవ ఉంచదలిస్తే ఒక లవంగం వేయండి, బూజు పట్టకుండా ఉంటుంది.

పసుపును కొమ్ములు దంచి వాడితే మేలు. పొట్లాల్లో అమ్మే పొడిలో వేరే రంగు కలిసి ఉంటే మీ ప్రయోగం తప్పుదారి పడుతుంది. మందారపూల రేకులను కొద్దిపాటి వేడినీళ్ళలో నలిపితే రసం వస్తుంది. బచ్చలిపళ్ళను చిదిమితే చాలు. కంచె మీద పాకే తీగబచ్చలికి నల్లగా మిరియాల కంటె కొంచెం పెద్దవిగా ఉండే పళ్ళు కాస్తాయి, అవే. బంతిపూల రేకులను నీళ్ళలో ఉడకబెట్టి, చిటికెడు పటికపొడి కలపండి. ఎర్రమన్నును నీళ్ళలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైతేటను మరో గిన్నెలోకి ఒంపి, దాన్ని కదలకుండా ఉంచితే అడుగున మెత్తటి మన్ను పేరుకుంటుంది. దానికి బంక కలపండి.

కాటుక సంగతి మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ఆముదపు దీపం మీద కొద్ది ఎత్తులో ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టడం నాకంటె వాళ్ళకే బాగా తెలుసు. దీపం దగ్గర పని పెద్దవాళ్ళనే చెయ్యనివ్వండి.

ఒక హెచ్చరిక. కనిపించిన ఆకునల్లా, పువ్వునల్లా నలపకండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. గన్నేరు, ఉమ్మెత్త విషం. వీటి జోలికి పోవద్దు. రంగులు ఉడికించిన గిన్నెలో తిరిగి వంట చేయకూడదు. ఒక పాత గిన్నెను దీనికే ప్రత్యేకించమని అమ్మను ముందే అడగండి. తర్వాత తిట్లు తినడం ఎందుకు?

ఎండ పరీక్ష

కాగితం మీద ఒక్కొక్క రంగుతో రెండంగుళాల పొడవు పట్టీ గీయండి. ఆరిన తర్వాత అన్ని పట్టీల కుడిసగం మూసుకునేట్టు నల్ల అట్ట ముక్కను గుండుసూదులతో బిగించండి. ఎండ పడే కిటికీలో పెట్టండి. రోజు విడిచి రోజు అట్ట తీసి, రెండు సగాలను పోల్చి, చూసింది నోటుబుక్కులో రాయండి.

అట్ట ఎందుకు? అది లేకపోతే రంగు తగ్గిందని తెలుస్తుందే గాని, ఎండ వల్ల తగ్గిందో, కాలం గడిచినందువల్ల తగ్గిందో తెలియదు. అట్ట కింది సగమూ, పై సగమూ ఒకే కాగితం, ఒకే రంగు, ఒకే రోజులు. తేడా వెలుతురు ఒక్కటే. ప్రయోగమంటే ఇలా ఒక్క తేడా మాత్రమే మిగిలేట్టు చూసుకోవడమే.

మా కిటికీలో పసుపు మొదటి సాయంత్రానికే తేడా చూపించింది. నాలుగు రోజులకు ఇంచుమించు తెల్లబడింది. బచ్చలిపండు రంగు దాని వెంటే పోయింది. మందారం వారానికి బూడిదరంగులోకి దిగింది. ఆకుపసరు గడ్డిరంగు అయింది. పటిక కలిపిన బంతిపూల రంగు కొంచెం తగ్గింది గాని నిలిచింది. ఎర్రమన్ను, కాటుక నెల తర్వాత కూడా అట్ట కింద ఎలా ఉన్నాయో ఎండలోనూ అలాగే ఉన్నాయి. గంగిరెద్దు బొమ్మ చెప్పిందే ఇదీ చెప్పింది. కాకపోతే ఇప్పుడు మా దగ్గర సాక్ష్యం ఉంది.

మీ ఇంట్లో ఇది ఎవరికైనా ముందే తెలుసేమో కనుక్కోండి. తెల్లచొక్కా మీద పప్పుచారు ఒలికితే పసుపు మరక పడుతుంది. సబ్బు రాస్తే అది ఎర్రబడుతుంది. నీళ్ళలో జాడించాక మళ్ళీ పచ్చగానే కనిపిస్తుంది. అప్పుడు అమ్మ ఏమంటుంది? “ఎండలో ఆరేస్తే పోతుందిలే” అంటుంది. పోతుంది కూడా! మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఎంతో కాలంగా తెలిసిన ఈ సంగతిని నేను కిటికీ దగ్గర మరిచిపోయాను.

రంగు ఎందుకు పోతుంది?

పసుపుకు రంగునిచ్చే పదార్థం పేరు కుర్కుమిన్. దాని అణువులో కార్బన్ పరమాణువులు పొడవాటి గొలుసులా ఉంటాయి. ఆ గొలుసులో ఒక బంధం ఏకబంధమైతే తర్వాతది ద్విబంధం, మళ్ళీ ఏకబంధం, ఇలా సాగుతుంది. ఇలాంటి గొలుసు తెల్లటి వెలుతురులోని ఊదా, నీలం కిరణాలను మింగేస్తుంది. మింగగా మిగిలిన వెలుతురు మన కంటికి చేరుతుంది. అది పచ్చగా కనిపిస్తుంది.

మింగిన వెలుతురు ఊరికే పోదు. అది శక్తి. ఆ శక్తి వల్ల అణువు ఉద్రేకం చెందుతుంది. గాలిలోని ఆక్సిజన్ తోడైతే గొలుసు అక్కడక్కడ తెగుతుంది. తెగిన ముక్కలు ఊదా, నీలం కిరణాలను మింగలేవు. ఇక కాగితం తెల్లగానే కనిపిస్తుంది. పూల రంగులు, పళ్ళ రంగులు పోవడమూ సుమారుగా ఇలాంటిదే.

మరి కాటుకో? అది దాదాపు అంతా కార్బన్. ఎండకు తెగిపోయే సున్నితమైన గొలుసు కాదు. ఎర్రమన్నుకు ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడు, అంటే ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడినది. అది ఇంకా ఆక్సిజన్‌తో కలిసి చెడవలసిన పని లేదు. లేపాక్షి వీరభద్రాలయంలో పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలున్నాయి. అజంతా చిత్రాలు అంతకంటె ఎన్నో వందల ఏళ్ళు పాతవి. వాటిలో మన్ను రంగులు, మసి నలుపు ఇప్పటికీ కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. గుహలోకి, గుడి మండపంలోకి ఎండ నేరుగా పడకపోవడం కూడా మేలు చేసిందనుకోండి.

పసుపుతో పారాణి

పెళ్ళిలో కాళ్ళకు పారాణి పెట్టడం చూసే ఉంటారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవే. సున్నం క్షారం. కుర్కుమిన్ క్షారంలో ఎర్రబడి, ఆమ్లం తగిలితే మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది. సబ్బు కూడా క్షారమే కనుక చొక్కా మరక ఎర్రబడింది. సున్నం కంటికి తగిలితే చాలా ప్రమాదం కాబట్టి మీరు వంటసోడా వాడండి.

పసుపునీళ్ళతో కాగితమంతా పూసి ఆరబెట్టండి. గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, చెంచాడు వంటసోడా కలిపి, ఆ నీళ్ళతో బొమ్మ గీయండి. రంగులేని నీళ్ళతో గీస్తుంటే ఇటుకరంగు గీత వస్తుంది. తప్పు గీస్తే భయం లేదు. నిమ్మరసంలో ముంచిన పుల్లతో దాని మీద రాస్తే చెరిగిపోతుంది. నిమ్మరసం ఎక్కువైతే కొంచెం పొంగుతుంది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడు. మందారం రసం పూసిన కాగితం మీద ఇదే పని చేయండి. నిమ్మరసానికి ఎర్రగా, సోడాకు ఆకుపచ్చగా మారుతుంది. నీలి శంఖుపూల రసమైతే నిమ్మరసానికి ఊదారంగు ఇస్తుంది. ఒక్క పువ్వు, మూడు రంగులు! మా పిల్లలు మందారం కాగితం మీద ఆకులూ పూలూ రెండూ వేసి, ఇంకో రంగు ముట్టకుండా తీగ అల్లారు.

కళ్ళ ముందు నల్లబడే సిరా

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికంటె ఇష్టమైన పని. దీనికి ఓపిక కావాలి. ఇరవై రోజులు పడుతుంది.

గుప్పెడు తుప్పుపట్టిన మేకులు, ఇనుపముక్కలు, నిమ్మకాయంత బెల్లం, పెద్ద గ్లాసుడు నీళ్ళు సీసాలో వేయండి. మూతికి గుడ్డ కట్టండి. మూత బిగించవద్దు. ఎందుకో చెబుతాను. మొదటిసారి నేను బిగించాను. పదో రోజు రాత్రి ‘ఢాం’ అని మూత ఎగిరి వంటింటి సున్నపు గోడ మీదంతా చిమ్మింది. మా ఇంటావిడ ఏమన్నదో ఇక్కడ రాయనక్కర్లేదు. మూత ఎగిరింది గనుక సరిపోయింది, గాజు సీసాయే పగిలి ఉంటే? బెల్లం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడు పుడుతుంది. దారి లేకపోతే సీసాను పగలగొట్టుకొని వస్తుంది.

గోడ మీది మచ్చలు ఏ రంగులో ఉన్నాయో చెప్పుకోండి. నల్లగా కాదు, తుప్పురంగులో! నల్లసిరా నలుపు లేకుండా ఎలా ఉంది? అసలు విషయం అక్కడే ఉంది.

బెల్లంలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవులు సారాయిగా మారుస్తాయి. మరో రకం బాక్టీరియా ఆ సారాయిని పుల్లటి ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఇరవై రోజుల తర్వాత వడకడితే పులుపు వాసనతో పలచటి గోధుమరంగు ద్రవం వస్తుంది. అంత ఆగలేనివారు మేకులను వినిగర్‌లో వేసి వారం రోజులు ఉంచవచ్చు. వినిగర్‌లో ఉండేదీ ఎసిటిక్ ఆమ్లమే. ఈ ద్రవానికి నలుపు రావాలంటే ఇంకొకరు తోడు కావాలి. ఆ తోడు కరక్కాయ.

పచారీ కొట్లో నాలుగు కరక్కాయలు కొని, నలగగొట్టి, గ్లాసుడు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్ళు కాగితానికి పూసి ఆరనివ్వండి. కాగితం లేత గోధుమరంగులో ఉంటుంది. దాని మీద ఇనుపనీళ్ళతో గీయండి. గీస్తూ ఉండగానే గీత నల్లబడుతుంది! మర్నాటికి ఇంకా చిక్కబడుతుంది. కరక్కాయలో వగరు పదార్థాలుంటాయి, వాటిని టానిన్‌లు అంటారు. టానిన్, ఇనుము కలిసి నల్లటి పదార్థం ఏర్పడుతుంది. గాలిలోని ఆక్సిజన్ వల్ల ఆ నలుపు మరింత ముదురుతుంది. కరక్కాయ దొరకకపోతే చిక్కటి టీ డికాక్షన్, దానిమ్మతొక్క కషాయం కూడా పనిచేస్తాయి. అరటికాయ కోసిన ఇనుపకత్తి నల్లబడటం చూశారా? అక్కడ జరిగిందీ ఇదే.

మా గోడ మీద టానిన్ లేదు, సున్నం ఉంది. అందుకే ఇనుము తుప్పుగా మిగిలింది. ఈ నలుపు మా కిటికీ పరీక్షలో కాటుక పక్కన నిలబడింది. పూర్వం బడిపిల్లలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకొనేవారు. అన్నభేది అంటే ఇనుప సల్ఫేటు. యూరపులో కూడా ఓక్ చెట్టు మీది బుడిపెలతో ఇలాంటి సిరానే వందల ఏళ్ళు వాడారు. ఆమ్లం ఎక్కువైన సిరా కొన్నిచోట్ల కాగితాన్నే తినేసిందట. కాబట్టి మీ సిరా మరీ పుల్లగా ఉంటే చిక్కటి కాగితం వాడండి.

శ్రీకాళహస్తి కలం

నేను చెప్పిన బెల్లం, ఇనుము నీళ్ళు నా సొంత ఊహ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు వాడేది అదే. దాన్ని ‘కసిం’ అంటారు. నూలుగుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ నలుపు కోసం. పాలలోని కొవ్వు, గీసిన గీత గుడ్డ మీద పాకిపోకుండా ఆపుతుంది. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. దాని మొన వెనక ఉన్ని లేదా గుడ్డపీలికలు చుట్టి దారం కడతారు. కలాన్ని కసింలో ముంచి, చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ గీస్తే రంగు మొనకు దిగుతుంది. ఇలాంటి కలం మీరు కొబ్బరిపుల్లల కట్టతోనో, వెదురు చీలికతోనో అరగంటలో చేసుకోవచ్చు. మొదటి పది గీతలు బొట్లు బొట్లుగా పడతాయి, నిరాశపడకండి.

ఎరుపు కథ ఇంకా బాగుంటుంది. గుడ్డ మీద ఎరుపు కావలసిన చోట పటికనీళ్ళు పూస్తారు. తర్వాత ఎర్రరంగు వేళ్ళు వేసిన నీళ్ళలో గుడ్డ మొత్తాన్నీ ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు గట్టిగా పట్టుతుంది. మిగతాచోట ఉతికితే పోతుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలుపోగునూ, ఇంకో చేత్తో రంగు అణువునూ పట్టుకుంటుంది అనుకోండి. ఇలా రంగును పట్టించే పదార్థాన్ని మోర్డెంట్ అంటారు. ‘కరిచేది’ అని అర్థమొచ్చే ఫ్రెంచి మాట అది. శ్రీకాళహస్తిలో గుడ్డలను స్వర్ణముఖి నదిలో ఉతికేవారు. ప్రవహించే నీరైతే వదిలిన రంగు తెల్లచోట మళ్ళీ అంటదు.

మీరు చిన్న పరీక్ష చేయండి. ఒకే తెల్ల నూలుగుడ్డ నుంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకదాన్ని పటికనీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఆరబెట్టండి. ఆయుర్వేదం మందుల కొట్లో మంజిష్ఠ వేరు దొరుకుతుంది. దాన్ని నలగగొట్టి నీళ్ళలో వేసి, పెద్దవాళ్ళ సాయంతో రెండు ముక్కలనూ కలిపి అరగంట సన్నసెగ మీద ఉంచండి. చల్లార్చి, ఉతికి, పక్కపక్కన ఆరేయండి. మంజిష్ఠ దొరకకపోతే ఉల్లితొక్కలు. అప్పుడు ఎరుపు రాదు, బంగారు పసుపు వస్తుంది. అయినా తేడా మాత్రం తెలుస్తుంది.

ఇలాంటి గట్టి రంగుల కోసం విదేశాల ఓడలు మన తీరానికి వచ్చాయి. ఇంగ్లీషువారు మచిలీపట్నంలో 1611లో వర్తకస్థానం పెట్టారు. అక్కడి అద్దకం గుడ్డలకు యూరపులో ఎంత మోజు పుట్టిందంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతుందని ఫ్రాన్సు 1686లో ఇలాంటి గుడ్డల దిగుమతిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో చట్టం చేసింది. ఎరుపు ఇచ్చింది చిరివేరు అనే చిన్న మొక్క వేరు. అందులోని రంగు పదార్థం అలిజరిన్. 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ దాన్ని తారునుంచి తీసిన పదార్థంతో తయారుచేశారు. అంతకు ముందే 1856లో పద్దెనిమిదేళ్ళ పెర్కిన్ మలేరియాకు క్వినైన్ చేయబోయి ఊదారంగు కనిపెట్టాడు. 1897కు కృత్రిమ నీలిమందు కూడా బజారుకొచ్చింది. ఆ తర్వాత వేళ్ళూ కాయలూ వెతికే పని చాలామందికి లేకపోయింది. కలంకారీ కూడా అంతరించిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1950ల చివరిలో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలై అది నిలిచింది. అక్కడి చిత్రకారుడు, తానూ బడిపంతులుగా పనిచేసిన జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో వేసే అద్దకం ఇప్పటికీ ఉంది.

ఎండే చిత్రకారుడు

గంగిరెద్దు అమ్మాయి ఒకరోజు, “మాస్టారూ, పసుపు ఎండకు పోతుంది కదా. పోవాల్సిన చోట పోనిచ్చి, ఉండాల్సిన చోట ఉంచితే?” అని అడిగింది. నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు పూలరసాలు పూసిన కాగితాల మీద ఎండతో బొమ్మలు తీసి, ఆ ప్రయోగాలను 1842లో ప్రకటించాడు. ఈ అమ్మాయి ఆయన పేరు విననైనా లేదు.

ఇదిగో పద్ధతి. చెంచాడు పసుపులో ఆరు చెంచాల స్పిరిట్ కలపండి. మందుల కొట్లో దొరుకుతుంది. అది తొందరగా అంటుకుంటుంది గనుక పొయ్యి, దీపం, అగ్గిపుల్ల దరిదాపుల్లో ఉండకూడదు. పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. స్పిరిట్ ఎందుకంటే కుర్కుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. పది నిమిషాలాగి పైతేటను కాగితానికి సమంగా పూసి, నీడలో ఆరబెట్టండి. దాని మీద రావి ఆకో, వేపరెమ్మో, మునగరెమ్మో పెట్టి, పైన గాజుపలక బోర్లించి, అట్టతో కలిపి క్లిప్పులు పెట్టండి. ఎర్రటి ఎండలో మూడు గంటలు ఉంచండి. మబ్బు పడితే ఇంకా ఎక్కువ పడుతుంది. చుట్టూ రంగు బాగా పాలిపోయాక ఆకు తీసేయండి. ఆకు నీడ పచ్చగా మిగిలి ఉంటుంది. ఇక దాని మీద వంటసోడా నీళ్ళు మెత్తటి కుంచెతో పూయండి. పచ్చటి ఆకు పారాణిరంగుకు మారి, స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి నాలుగు కాగితాలు మాకు పాడయ్యాయి. ఒకసారి గాలికి ఆకు కదిలింది. ఒకసారి పచ్చి ఆకు చెమ్మకు కాగితం ముడతలు పడింది. ఆకులను ముందురోజు పుస్తకంలో పెట్టి అణచుకోవాలని అప్పుడు తెలిసింది. ఆకుకు బదులు కత్తిరించిన నల్లకాగితం పెడితే మీకు కావలసిన బొమ్మ ఏదైనా వస్తుంది.

ఆ అమ్మాయి వేసవి సెలవుల ముందు రెండో గంగిరెద్దును తెచ్చింది. గీతలన్నీ కసింతో, నేల ఎర్రమన్నుతో, చెట్టు వేపరెమ్మ ఎండబొమ్మ. గుడ్డకు బంతిపూల రంగు వేస్తే కొంత నిలుస్తుందని నేను చెప్పాను. వినలేదు. గంగిరెద్దు గుడ్డ పసుపుపచ్చగానే ఉండాలట, బంతిపూల రంగు ‘మురికి పసుపు’ అట. పసుపే వేసింది. బొమ్మను మాత్రం గోడకు పెట్టనివ్వలేదు. పాత అట్లాసు పుస్తకంలో దాచింది. చూస్తామని అడిగితే తీసి, నీడకు తిరిగి చూపించి, మళ్ళీ మూసేస్తుంది.

కిటికీలో ఇప్పుడు మోదుగపూల పట్టీ ఉంది. హోలీకి తెచ్చిన పూలు ఉడకబెట్టి, ఒక పట్టీ ఉత్త రసంతో, ఒకటి పటిక కలిపి గీశాం. సగం మీద అట్ట ఉంది. ఇంకా పది రోజులు ఆగాలి.